స్విమ్మింగ్ పూల్‌లో 5 లీటర్ల యాసిడ్ ఒకేసారి పోయొచ్చా? మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది చెబుతాను

ముందు సూటిగా చెప్పేస్తాను, పోయకండి. మీరు రాసిన దాన్నిబట్టి మీది గుంటూరులో గోరంట్ల వైపు అపార్ట్‌మెంట్, పూల్ దాదాపు 80 వేల లీటర్లు, నింపేది బోరు నీళ్లతో, పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణం ఎంతో చెప్పే అంకె) 8.2 చూపిస్తోంది, నీళ్లు మబ్బుగా ఉన్నాయి, పిల్లలు కళ్లు మండుతున్నాయంటున్నారు. షాపతను 5 లీటర్ల యాసిడ్ క్యాన్ చేతిలో పెట్టి మొత్తం పోసేస్తే సాయంత్రానికి నీళ్లు అద్దంలా ఉంటాయన్నాడు, మీ వాచ్‌మన్ రేపు పొద్దున పోస్తానంటున్నాడు. యాసిడ్ వాడటం తప్పేమీ కాదండీ, పీహెచ్ దించడానికి ఎక్కువమంది వాడేది అదే, మేమూ అదే వాడతాం. కానీ 5 లీటర్లు ఒకేసారి అంటే మీ పూల్‌కి చాలా ఎక్కువ. పైగా ఆ పని చేయబోయే మనిషికి ఎవరూ ఏమీ చెప్పలేదని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది, నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే.

మాది విజయవాడ, పోరంకి దగ్గర. మా పూల్ మీ దానికంటే కొంచెం పెద్దది, లక్ష లీటర్ల దాకా పడుతుంది. ఆరేళ్లుగా కమిటీ తరఫున ఆ పని నేనే చూస్తున్నాను. మొదట్లో నాకూ ఏమీ తెలియదు, కాంట్రాక్టు మనిషి వచ్చి ఏవో పోసి వెళ్లేవాడు, మేం బిల్లు కట్టేవాళ్లం. మూడేళ్ల కిందట మే నెలలో జరిగిన ఒక ప్రమాదం తర్వాతే కూర్చుని ఇదంతా నేర్చుకున్నాను.

మా పూల్ సామాన్లన్నీ అప్పట్లో మెట్ల కింద చిన్న గదిలో ఉండేవి. క్లోరిన్ గ్రాన్యూల్స్ బకెట్, దాన్ని ఆనుకునే యాసిడ్ క్యాన్, పక్కన బ్లీచింగ్ పౌడర్ బస్తా. కొలవడానికి అన్నింటికీ కలిపి ఒకటే తెల్ల ప్లాస్టిక్ మగ్గు. ఆ రోజు పొద్దున పని కుర్రాడు ఆ మగ్గుతోనే క్లోరిన్ తీసి వేశాడు. పదకొండింటప్పుడు అదే మగ్గులోకి యాసిడ్ వంచాడు. మగ్గు అడుగున అంచు చుట్టూ సన్నటి గాడి ఉంటుంది కదా, తడికి అందులో అంటుకుపోయిన క్లోరిన్ పలుకులు ఓ అర చెంచాడు ఉండుంటాయి, అంతే. యాసిడ్ తగలగానే బుసబుసా పొంగి ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో పొగ లేచిందట. గదికి కిటికీ లేదు. వాడు మగ్గు వదిలేసి బయటికి పరిగెత్తాడు కానీ అప్పటికే రెండు మూడు గుక్కలు పీల్చేశాడు. నేను కిందికి వచ్చేసరికి గోడ పట్టుకుని వంగిపోయి దగ్గుతున్నాడు, కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి, మాట రావడం లేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్ పెట్టి, రాత్రంతా ఉంచుకున్నారు. ఈ గ్యాస్ పీల్చినవాళ్లకు కొన్ని గంటలు గడిచాక కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంటుందని డాక్టరు చెప్పారు. మర్నాడు ఇంటికొచ్చాడు, ఇప్పుడు బాగున్నాడు. కానీ పంతొమ్మిదేళ్ల కుర్రాడు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మ "ఏం పోయించారు సార్ మావాడి చేత" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

వాడు పీల్చింది క్లోరిన్ గ్యాస్. యాసిడ్, క్లోరిన్ మందు ఏ రూపంలో కలిసినా అదే వస్తుంది. గ్రాన్యూల్స్ అయినా, బ్లీచింగ్ పౌడర్ అయినా, ద్రవంగా వచ్చే హైపో అయినా తేడా లేదు. గాలికంటే బరువైన గ్యాస్ కాబట్టి సెల్లార్‌లో, మెట్ల కింద గదుల్లో పైకి పోకుండా నేల మీదే పరుచుకుని నిలబడిపోతుంది. అందుకని మీ వాచ్‌మన్‌తో రేపు ఇంకేం మాట్లాడినా మాట్లాడకపోయినా ఈ ఒక్కటి చెప్పండి. యాసిడ్ మగ్గు వేరు, క్లోరిన్ మగ్గు వేరు, రెండూ ఒకే గదిలో ఉండకూడదు. మేం యాసిడ్ మగ్గుకి ఎర్ర పెయింట్ వేయించాం. చదువు రాని మనిషి కూడా పొరబడడు.

యాసిడ్ పూల్‌లో కలిసిపోయాక దానితో అంత భయం లేదండీ, అన్ని వేల లీటర్లలో ఒక లీటరు ఏపాటి. క్యాన్ మూత తీసిన దగ్గర్నుంచి నీళ్లలో పడేదాకా ఉన్న ఆ పది నిమిషాలే ప్రమాదం, దాని తర్వాతి ప్రమాదం యాసిడ్ ఏడాది పొడుగునా కూర్చుని ఉండే గది. అందరూ "ఎంత పోయాలి" అని అడుగుతారు, "ఎలా పోయాలి, ఎక్కడ పెట్టాలి" అని అడిగేవాళ్లు తక్కువ.

సరే, ఎంత పోయాలో కూడా చెబుతాను.

ముందు మీ 8.2 నిజమో కాదో చూడండి. ఎర్రటి ద్రవం అయిదారు చుక్కలు వేసి రంగు పోల్చే కిట్ అయితే అది ఫినాల్ రెడ్, చాలా కిట్లలో రంగుల పట్టీ 8.2 దగ్గరో అంతకంటే ముందో ఆగిపోతుంది, అంటే అసలు పీహెచ్ ఇంకా ఎక్కువ ఉన్నా మీకు కనబడదు. రెండోది, ఇది మాకు బాగా దెబ్బ కొట్టిన విషయం, నీళ్లలో క్లోరిన్ మరీ ఎక్కువగా, 10 పీపీఎం (అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు) దాటి ఉన్నప్పుడు ఆ చుక్కలు ఊదా రంగుకి తిరిగిపోతాయి, పీహెచ్ నిజానికి బాగానే ఉన్నా చూసేవాళ్లకు 8 దాటినట్టే ఉంటుంది. మేం సొంతంగా చూసుకున్న మొదటి ఏడాది నీళ్లు పచ్చబడ్డాయని క్లోరిన్ దట్టంగా వేసి, మర్నాడు టెస్ట్ చేసి ఊదా రంగు చూసి యాసిడ్ పోశాం. మళ్లీ చూస్తే మళ్లీ ఊదా, మళ్లీ పోశాం. నాలుగు రోజుల తర్వాత క్లోరిన్ తగ్గాక చూస్తే పీహెచ్ పట్టీలో అడుగు గడి కంటే కిందికి పోయింది. నీళ్లలో దిగినవాళ్లకు ఒళ్లంతా దురద, స్టీలు నిచ్చెన మీద తుప్పు మచ్చలు, టైల్స్ మధ్య గ్రౌట్ వేలితో గీరితే పిండిలా రాలింది. చాకలి సోడా వేసి పైకి తెచ్చుకున్నాం కానీ గ్రౌట్ ఖర్చు గ్రౌట్ ఖర్చే. కాబట్టి ముందు క్లోరిన్ చూడండి, అది 5 కిందికి దిగాకే పీహెచ్ రీడింగ్‌ని నమ్మండి.

మూడోది ఆల్కలినిటీ. ఇది కొలవకుండా యాసిడ్ ఎంత పోయాలో ఎవరూ చెప్పలేరు, షాపతనైనా, నేనైనా. నీళ్లలో బైకార్బొనేట్ ఎంత ఉందో చెప్పే అంకె అది, యాసిడ్‌ని ముందు మింగేది అదే. మామూలుగా 80 నుంచి 120 పీపీఎం మధ్య ఉంటే చాలు, బోరు నీళ్లతో నింపిన పూల్స్‌లో ఇంకా ఎక్కువ ఉండటం మామూలే, మాది మొదటిసారి చూస్తే 210 వచ్చింది. ఎండాకాలం మన దగ్గర పూల్‌లోంచి రోజుకు పావు అంగుళం దాకా ఆవిరైపోతుంది, ఆవిరయ్యేది వట్టి నీరే, ఉప్పులన్నీ పూల్‌లోనే ఉండిపోతాయి, దాని మీద మళ్లీ బోరు నీళ్లు కలుపుతాం. అందుకే ఎంత దించినా పీహెచ్ మళ్లీ పైకి ఎక్కుతూ ఉంటుంది. ఫౌంటెన్, జలపాతం లాంటివి ఉంటే ఇంకా త్వరగా ఎక్కుతుంది, నీళ్లు చిందినకొద్దీ అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది కాబట్టి.

ఇప్పుడు మీ 80 వేల లీటర్లకు లెక్క. ఈ లీటర్లు కూడా ఒకసారి మీరే చూసుకోండి, పొడుగు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో గుణించి వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. యాసిడ్ 30–33 శాతం ఉన్న హైడ్రోక్లోరిక్ అనుకుందాం. ఆల్కలినిటీ 100 దగ్గరుంటే 8.2 నుంచి 7.5కి రావడానికి సుమారు ఒక లీటరు, లేదా కొంచెం ఎక్కువ. 180 దగ్గరుంటే ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు. షాపతను చెప్పినట్టు 5 లీటర్లూ కుమ్మరిస్తే, ఆల్కలినిటీ 100 ఉన్న నీళ్లలో పీహెచ్ 7 కిందికి పడిపోతుంది, అంటే మా గ్రౌట్ కథే. నేనైతే లెక్కలో వచ్చినదాంట్లో సగమే మొదట పోస్తాను. మీ విషయంలో ముప్పావు లీటరు. పంపు ఆరు గంటలు తిరిగాక మళ్లీ టెస్ట్, అవసరమైతే మర్నాడు మరో ముప్పావు. తక్కువైతే ఇంకాస్త పోసుకోవచ్చు, ఎక్కువైపోతే వెనక్కి తేవడానికి ఇంకో మందు కావాలి.

ఆల్కలినిటీనే దించాల్సి వస్తే అది వేరే పని, ఓపిక కావాలి. 10 వేల లీటర్లకు 200 మిల్లీలీటర్లు పోస్తే 10 పీపీఎం తగ్గుతుంది. మీకు 180 ఉండి 120కి తేవాలంటే మొత్తం 9, 10 లీటర్లు పడుతుంది, కానీ వారాల తరబడి, ప్రతిసారీ పీహెచ్ 7.2 కిందికి పోనివ్వకుండా, మళ్లీ అది తనంతట తాను పైకి ఎక్కాక ఇంకో విడత. మాకు రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత వారానికి అర లీటరు కూడా పట్టడం లేదు. కుదిరితే నీళ్లు కలిపేటప్పుడు బోరు బదులు మున్సిపాలిటీ నీళ్లు ఎన్ని దొరికితే అన్ని వాడండి, మాకైతే కృష్ణ నీళ్లు కలిపినప్పుడల్లా అంకె ఇట్టే దిగేది.

ఇంత శ్రమ ఎందుకంటే, పీహెచ్ ఎక్కువైతే వేసిన క్లోరిన్ పనిచేయదు. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం క్రిముల్ని చంపే రూపంలో ఉంటుంది, 8.2 దగ్గర అయిదో వంతు కూడా ఉండదు. మందు వేస్తూనే ఉంటారు, నీళ్లు మబ్బుగానే ఉంటాయి, గోడల మీద సున్నపు పొర కడుతుంది. పిల్లల కళ్ల మంటకు పీహెచ్ ఒక్కటే కారణం కాకపోవచ్చు, చెమట, మూత్రంతో కలిసి పనికిరాకుండా పోయిన క్లోరిన్ వల్ల కూడా మంట వస్తుంది, ఆ ఘాటు వాసన దానిదే. స్నానం చేసి దిగమని గట్టిగా చెప్పండి.

పోసే పద్ధతి. మాకు సోమవారం పూల్ సెలవు, ఆ రోజు తెల్లారాక ఎండ ఎక్కకముందే చేస్తాం. ఎండలో యాసిడ్ క్యాన్ మూత తీస్తే పొగ ఎక్కువగా లేస్తుంది, క్యాన్ ఉబ్బి ఉంటే ఒక్కసారిగా బుస్సుమంటుంది కూడా. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. పొద్దున యాసిడ్, పొద్దుగుంకాక క్లోరిన్. ఎండకు క్లోరిన్ ఎలాగూ ఎగిరిపోతుంది కాబట్టి సాయంత్రం వేయడమే మేలు, రెండింటి మధ్య పన్నెండు గంటల ఎడం కూడా దొరుకుతుంది. పంపు ఆన్‌లో ఉండాలి, నీళ్లలో ఒక్కరు కూడా ఉండకూడదు.

పోసే మనిషికి చుట్టూ మూసుకునే కళ్లద్దాలు, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, మూసి ఉండే బూట్లు కావాలి. లుంగీ, హవాయి చెప్పులతో చేస్తానంటే చేయనివ్వకండి, ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే. మూతికి కట్టుకునే గుడ్డ గానీ, కరోనా అప్పటి మాస్కులు గానీ యాసిడ్ పొగను ఆపవు, వాటిని నమ్ముకుని క్యాన్ దగ్గర మొహం పెట్టకూడదు. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడాలి. మా పూల్ దగ్గర సాయంత్రమైతే పైరగాలి ఎటు నుంచో తెలిసిపోతుంది, పొద్దున తెలియదు, జేబురుమాలు కొస పట్టుకుని చూస్తాం. పక్కనే పైపులోంచి నీళ్లు పారుతూ ఉండాలి, అవసరమైనప్పుడు కుళాయి కోసం వెతుక్కునే టైం ఉండదు.

ప్లాస్టిక్ బకెట్‌లో ముందు ముప్పావు వంతు పూల్ నీళ్లు పట్టి, అందులోకి ముప్పావు లీటరు యాసిడ్ మెల్లగా వంచాలి. ఎప్పుడూ నీళ్లలోకి యాసిడే, యాసిడ్ మీద నీళ్లు కాదు. అలా తిరగేస్తే వేడెక్కి మొహం మీదకి చిమ్ముతుంది. కొందరు బకెట్ లేకుండా మగ్గుతో నేరుగా పూల్‌లోకే పోస్తారు, అదీ తప్పు కాదు, కానీ మా పూల్ గట్టుకి కడప బండలు ఉన్నాయి. అది సున్నపురాయి కదా, చిక్కటి యాసిడ్ చుక్క పడితే చాలు, సర్రుమని తెల్లటి నురగ లేస్తుంది, కడిగాక చూస్తే నల్లటి నున్నటి బండ మీద గరుకుగా బూడిద రంగు మచ్చ. మా గట్టు మీద అలాంటివి పదకొండు ఉన్నాయి, అరగదీయించినా పోలేదు. అందుకే నాకు బకెట్ పద్ధతే నచ్చింది. లోతు ఎక్కువున్న వైపు, ఫిల్టర్ నుంచి నీళ్లు తిరిగి వచ్చే రంధ్రం ఎదురుగా, బకెట్‌ని నీటి మట్టానికి దగ్గరగా వంచి సన్నటి ధారగా పోస్తూ నడవాలి. ఎత్తు నుంచి కుమ్మరించకూడదు. స్కిమ్మర్‌లో, అంటే నీటి పైన తేలే చెత్తను లాగే గూట్లో, అస్సలు పోయకూడదు, చిక్కటి యాసిడ్ నేరుగా పంపు, ఫిల్టర్‌లోకి వెళ్తుంది, స్కిమ్మర్ బుట్టలో క్లోరిన్ బిళ్లలు ఉంటే పైపులోనే గ్యాస్ పుడుతుంది. అయ్యాక బకెట్‌నీ మగ్గునీ పూల్ నీళ్లతోనే రెండు సార్లు కడిగి అందులోనే పోసేయాలి.

పిల్లల్ని ఎప్పుడు దింపొచ్చని అడిగారు. పంపు బాగా తిరుగుతుంటే గంటలో కలిసిపోతుందంటారు, నేను మాత్రం సెలవు రోజే పోస్తాను కాబట్టి మర్నాడే దింపుతాను, అదీ పీహెచ్ 7.2కీ 7.8కీ మధ్య ఉందని టెస్ట్ చేసి చూశాకే. ఇంకో మాట, నీళ్లు తేరడానికి మీవాళ్లు పటిక వేస్తుంటే అది కూడా పీహెచ్‌ని దించుతుంది, రెండూ ఒకే రోజు పెట్టుకోకండి.

ఎవరి మీదైనా యాసిడ్ పడితే తడిసిన బట్టలు వెంటనే తీసేసి పారే నీళ్ల కింద పావుగంట, ఇరవై నిమిషాలు కడగాలి. ఒంటి మీద వంట సోడా, సున్నం లాంటివి రుద్దకూడదు, నీళ్లే. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని అంతసేపూ నీళ్లు పోస్తూనే ఉండి, ఆ తర్వాత నేరుగా ఆసుపత్రికి. మింగితే వాంతి చేయించకూడదు, 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ పీలిస్తే ముందు గాలి ఆడే చోటికి తీసుకెళ్లాలి, దగ్గు తగ్గిపోయిందని ఇంటికి పంపేయకుండా డాక్టరుకి చూపించాలి. నేల మీద ఒలికితే మాత్రం వంట సోడా, అంచుల నుంచి లోపలికి చల్లుకుంటూ వచ్చి, నురగ ఆగాక నీళ్లతో కడగాలి. మేం రెండు కిలోలు ఎప్పుడూ డబ్బాలో పెట్టి ఉంచుతాం. బ్లీచింగ్ పౌడర్‌తో శుభ్రం చేద్దామనుకుంటారు కొందరు, అది చేస్తే మళ్లీ మా మెట్ల కింద గదే.

కొనేటప్పుడు లేబుల్ మీద హైడ్రోక్లోరిక్ అని, శాతం ఎంతో రాసి ఉన్నదే తీసుకోండి. ఫినాయిల్‌తో పాటు బండి మీద అమ్మే పేరు లేని బాత్రూం యాసిడ్ సీసాలు వద్దు, దాని ఘాటు ఎంతో తెలియనప్పుడు లెక్క ఎలా వేస్తాం. రంగు కలిసిన టాయిలెట్ క్లీనర్లు వద్దు, బ్యాటరీ యాసిడ్ అసలే వద్దు. చవగ్గా వస్తుందని పెద్ద క్యాన్ కొనకండి, దాన్ని వంచడమే ఒక ప్రమాదం, 5 లీటర్లదే మేలు. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం యాసిడ్ అమ్మేవాళ్లు కొన్నవాళ్ల వివరాలు రిజిస్టర్‌లో రాసుకోవాలి, గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. అందుకని వాచ్‌మన్ కొడుకుని షాపుకి పంపకండి, మీరే ఆధార్ తీసుకుని వెళ్లండి.

మా యాసిడ్ ఇప్పుడు వెనక కాంపౌండ్ గోడ దగ్గర, నీడలో, జాలీ ఉన్న చిన్న అరలో, ప్లాస్టిక్ ట్రేలో ఉంటుంది, తాళం వేసి. పంపు గదిలో పెట్టనివ్వను, మూత బిగించినా కాస్త ఆవిరి వస్తూనే ఉంటుంది, మా మోటారు స్టార్టర్ స్క్రూలు అలాగే తుప్పుపట్టాయి. క్లోరిన్ మాత్రం మెట్ల కింద గదిలోనే ఉంది, పొడిగా.

మీరు రేపు పొద్దున డోస్ ఆపేసి, ముందు మీ స్టోర్ గది తలుపు తీసి ఏది దేని పక్కన ఉందో చూడండి. ఆ తర్వాత ఆల్కలినిటీ, క్లోరిన్ టెస్ట్ చేసి ఆ రెండు అంకెలూ, పూల్ కొలతలూ, క్యాన్ మీద శాతం ఎంత రాసి ఉందో నాకు రాయండి, మొదటి విడత ఎంత పోయాలో లెక్క వేసి చెబుతాను.